బందెలదొడ్డిలో తేనెటీగలు

మాచర్ల చెన్నకేశవస్వామి గుడి వైపు తిరిగి, చెప్పులు విడిచి, దోసిట్లో నీళ్ళు పోసుకుని చెబుతున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. నా ప్రమాణాల సంగతి తెలిసిన మా ఊరివాళ్ళు ఇక్కడికి రాగానే పుస్తకం మూసి నవ్వుతారని నాకు తెలుసు. సాగర్ కాలవలో ఒక వాలుగ చేప నా పంచె కొస నోట కరుచుకుని అవతలి ఊరి తూము దాకా ఈడ్చుకుపోయిందని చెప్పినప్పుడు కూడా నేను ప్రమాణం చేశాను. కానీ అప్పుడు చెప్పులు విడవలేదు. కావాలంటే ఆనాడు విన్నవాళ్ళని అడగండి.

ఎనభైల్లో మా ఊళ్ళో తేనెటీగల పెంపకందారుల సంఘం ఒకటి ఉండేది. బోర్డు మీద పేరు అంత పొడుగున్నా అందరూ ఈగల క్లబ్బు అనే అనేవాళ్ళు. మా ఊరు రెంటచింతలకీ మాచర్లకీ మధ్య, రోడ్డు వారనే. ఒక వైపు నల్లరేగడి చేలు, ఇంకో వైపు నాపరాయి క్వారీలు. వేసవిలో రేడియో వార్తల చివర ఎండల లెక్క చెబుతూ రెంటచింతల పేరెత్తితే మేమందరం ఛాతీ విరుచుకునేవాళ్ళం. ఇంక దేనికీ మా చుట్టుపక్కల పేర్లు రేడియోలోకి ఎక్కేవి కావు మరి.

తేనె అంటే అప్పటిదాకా మాకు తెలిసింది దొంగతనమే. కృష్ణ ఒడ్డున కొండచరియలకి పెద్ద తేనె పట్టేది, కంపచెట్లలో జుంటి తేనె ఉండేది. పొగ పెట్టడం, ఈగల్ని తరమడం, పిండుకోవడం, మూతి తుడుచుకుని ఇంటికి రావడం. కోళ్ళలాగా, మేకల్లాగా తేనెటీగలు కూడా ఇంటి పక్కన పెట్టెలో కాపురముంటాయని గుంటూరు నుంచి వచ్చిన ఒక కుర్ర ఆఫీసరు చెప్పినప్పుడు, నన్ను మించిన కోతలరాయుడు దొరికాడని ఆయన మీద నాకు అమాంతం గౌరవం కలిగింది.

మొదటి పెట్టెను గుంటూరు నుంచి బస్సులో తెచ్చింది మా క్లబ్బు ప్రెసిడెంటూ నేనూ. ప్రెసిడెంటు నాకు బాబాయి వరస. పంచాయతీ మెంబరు కూడా. రూలంటే ఆయనకు ప్రాణం. పెట్టె నోటికి జల్లెడ కట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. లోపలేందని కండక్టరు అడిగాడు. ఈగలంటే దింపేస్తాడని హార్మోనియం అన్నాను. సత్తెనపల్లి దాటాక ఎండ ముదిరి అది శ్రుతి అందుకుంది. ముందు సీట్లో ఒక ముసలాయన కళ్ళు మూసుకుని తల ఊపుతూ పిడుగురాళ్ళ దాకా విన్నాడు. దిగబోతూ మా వైపు తిరిగి, శ్రుతి దివ్యంగా ఉంది, పాట ఎప్పుడు మొదలెడతారని అడిగాడు.

ఆ పెట్టె మూత మొదటిసారి తెరిచిన ఆదివారం నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది. పొగడబ్బా పట్టుకుని నిలబడే పని నాది. లోపల వరసగా వేలాడుతున్న తేనెపెరల మీద ఈగలు ఎంత ఒత్తుగా ఉన్నాయంటే, అవి విడివిడిగా కనిపించలేదు. గోధుమరంగు చర్మం ఒకటి ఊపిరి తీసుకుంటున్నట్టుగా ఉంది. వెచ్చటి ఆవిరి మొహానికి కొట్టింది. అందులో మైనం వాసన, వేపపూత వాసన, ఇంకా పేరు తెలియని పసివాసన ఏదో ఉంది. రాణి ఈగ మాత్రం ఒక్కతే పొడుగ్గా, ఏ తొందరా లేకుండా నడుస్తోంది. ఆమె ఆగినచోటల్లా చుట్టూ ఉన్న ఈగలు పనులు ఆపి ఆమె వైపు తలలు తిప్పి గుండ్రంగా నిలబడ్డాయి. సర్పంచి వచ్చినా లేచి నిలబడని మా బాబాయి, భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎందుకు తీశావని తర్వాత అడిగితే చెమట తుడుచుకోడానికి అన్నాడు. తుడుచుకోవడం నేను చూడలేదు.

ఆ తర్వాత పెట్టెలు పెరిగాయి. ప్రతి ఆదివారం క్లబ్బు ఒక్కో సభ్యుడి ఇంటికి వెళ్ళి పెట్టె చూసేది. ఆ ఇంటివాళ్ళు అందరికీ మజ్జిగ ఇవ్వాలి. వచ్చినవాళ్ళు తలకు వాసన నూనె రాసుకోకూడదు, బీడీ తాగకూడదు, పెట్టె దగ్గర గొంతు పెంచకూడదు. ఈ చివరి రూలు పెట్టింది ఈగల కోసం కాదు. మా ఊళ్ళో రెండు పార్టీలు. టీ కొట్లు రెండు, మంగలి షాపులు రెండు, పాలు పోసే కేంద్రాలు కూడా రెండు. ఒక పార్టీవాడు రెండో పార్టీవాడి గుమ్మం దాటి లోపలికొచ్చే సందర్భం ఈ క్లబ్బు ఒక్కటే. అందుకని పెట్టె మూత తీసి ఉన్నంతసేపూ పార్టీ ఊసు ఎత్తకూడదని బాబాయి తీర్మానం చేశాడు. నన్నడిగితే ఆ ఊళ్ళో అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ అందరూ కలిసి ఒప్పుకున్న తీర్మానం అదొక్కటే.

క్లబ్బులో ఆడమనిషి ఒక్కతే. మా పక్కింటి పెద్దమ్మ. రక్తసంబంధం లేదు, వరసే. ఆమె పెనిమిటి, మా పెదనాన్న, క్వారీలో మందు పేల్చేవాడు. రాతిలో గుంట తొలవడం, మందు కూరడం, వత్తి అంటించి పరిగెత్తడం. ఏళ్ళ తరబడి ఆ పేలుళ్ళ పక్కన బతికి, రెండు చెవులూ పూర్తిగా పోయాయి. పిలిస్తే పలకడు, పండగ మేళం పక్కనుంచి పోయినా తిరిగి చూడడు. తన మాట తనకు వినపడక, మెల్లగా చెప్పాల్సిన సంగతులు కూడా ఊరందరికీ వినపడేలా అనేవాడు. పెద్దమ్మ మాటకారి. వినే మనిషి లేక ఆమె మాటలన్నీ మా ఇంటి వైపు వచ్చేవి.

వాళ్ళ పెట్టె క్వారీ వైపు, కానుగచెట్టు కింద ఉండేది. ఒక ఆదివారం మేమందరం మజ్జిగ తాగుతుంటే పెదనాన్న పెట్టె పక్కన గొంతుక్కూర్చుని, ఊరకే చెయ్యి దాని మీద ఆనించాడు. ఆనించినవాడు తియ్యలేదు. కాసేపటికి రెండో చెయ్యి కూడా ఆనించాడు. తర్వాత నుదురు. ఆయన తలెత్తి, ఎప్పట్లాగే ఊరందరికీ వినపడేలా అన్నాడు.

"ఏమే, ఇనపడతంది."

చెవులకి కాదు. ఆ రొద చెక్కలోంచి అరచేతుల్లోకి, అక్కణ్ణుంచి ఎముకల్లోకి ఎక్కి లోపల ఎక్కడో మోగుతోంది. ఆ రోజు నుంచి క్వారీ దిగి రాగానే కాళ్ళయినా కడుక్కోకుండా పెట్టె దగ్గర కూర్చునేవాడు. ఎండకి ఈగలు రెక్కలతో విసురుకునేటప్పుడు ఒక రకంగా ఉంటుందట, మబ్బు పడితే ఇంకో రకమట. వాన వస్తుందని మాకు ముందుగా చెప్పేవాడు. మా ఊళ్ళో వాన పడేదే తక్కువ గనక ఆయన మాట తప్పయిన సందర్భాలు కూడా తక్కువ. ఆయనకు లోకంలో మిగిలిన చప్పుడు అదొక్కటే. ఈ సంగతి పెద్దమ్మకు తెలుసు, మాకూ తెలుసు.

పత్తికి మందులు కొట్టడం ఎక్కువైన ఏడు, చేల వైపున్న పెట్టెలు ఒక్కొక్కటే ఖాళీ అయిపోయాయి. పొద్దున పోయిన ఈగలు సాయంత్రానికి తిరిగొచ్చేవి కావు. కొన్ని చచ్చి పెట్టె గడప ముందు రాలేవి, మిగిలినవి గుంపుగా లేచిపోయేవి. మామ పెట్టె కూడా అలాగే పోయింది. మామ అంటే, రెండో పార్టీలో పెద్ద రైతు, నాకు మేనమామ వరస. మనిషి మొరటేగానీ, ఖాళీ అయిన పెట్టెను కడిగి, ఆరబెట్టి, రోజూ ధూపం వేసేవాడు. అవి పుట్టింటికి పోయాయి, తిరిగొస్తాయి అనేవాడు. క్వారీ వైపు పత్తి లేదు గనక పెద్దమ్మ పెట్టె నిలిచింది. ఊరు మొత్తానికి నిండుగా ఉన్న పెట్టె ఆమెదే.

ధనియాల చేలు పూతకొచ్చి, ఎండ కొమ్ములు చూపిస్తున్న రోజుల్లో పెద్దమ్మ ముప్పాళ్ళలో చెల్లెలింటికి బారసాలకు వెళ్ళింది. పెట్టె నాలుగు కాళ్ళ కింద నాలుగు నీళ్ళ గిన్నెలుంటాయి, చీమలు ఎక్కకుండా. వాటిని నింపడం ఆమె పని. వెళ్ళేముందు నింపే వెళ్ళింది. కానీ ముందే వచ్చిపడ్డ ఆ వడగాడ్పుకి గిన్నెల్లో నీళ్ళేం ఖర్మ, చేదబావిలో నీళ్ళే కిందికి దిగి దాక్కున్నాయి. ఆమె బస్సు దిగి ఇంటికొచ్చేసరికి పెట్టె కాళ్ళ వెంబడి ఎర్రచీమలు బారులు తీరి ఎక్కుతున్నాయి.

ఆమె పిలుపుకి నేను గోడ దూకి వెళ్ళాను. అప్పటికే మొదలైంది. పెట్టె గడపలోంచి ఈగలు నడిచి రావడం లేదు, కారిపోతున్నాయి. బస్తా కింద చిల్లు పడితే జొన్నలు కారినట్టు. గాల్లోకి లేచి, కానుగచెట్టు చుట్టూ తిరిగి, ఇంకా లేచి, ఆకాశం మసకబారింది. ఆ చప్పుడు చెవితో విన్నట్టు లేదు, పళ్ళలో తెలిసింది. భయపడాల్సిన చోట నాకు నవ్వొచ్చింది, ఒళ్ళంతా గగుర్పొడిచింది. వేలాది ప్రాణాలు ఒకే మాట మీద ఇల్లు విడిచి పోవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. మా ఊళ్ళో నలుగురు ఒకే మాట మీద టీ తాగడం కూడా చూడలేదు.

పెద్దమ్మ పైకి చూస్తూ నిలబడిపోయింది. క్వారీ నుంచి అప్పుడే వచ్చిన పెదనాన్న మా ఇద్దరి మొహాలూ చూసి, నేరుగా పెట్టె దగ్గరికి పోయి చేతులు ఆనించాడు. ఎడంపక్క ఆనించాడు, కుడిపక్క ఆనించాడు.

"ఆగిపోయిందే," అన్నాడు.

పెద్దమ్మ ఏడవలేదు. బిందెలో నీళ్ళు తెచ్చి గిన్నెలు నింపింది. చీమల్ని చీపురుపుల్లతో ఒక్కొక్కటిగా తీసింది. చీమలు పాడుచేయని పెర ఒక్కటే మిగిలింది, అందులో ఈగల పిల్లలున్నాయి. దాన్ని తడిగుడ్డతో కప్పింది. ఆ పనంతా చేస్తూ తనలో తను అనుకుంటున్నట్టుగా నాతో అంది. "అలిగి పోయినయ్‌రా అబ్బాయ్. తప్పు నాదేగదా. ఆయనకి మళ్ళా ఏం తెచ్చిపెట్టను?"

లేచిపోయిన ఈగలు వెంటనే దూరం పోవు. దగ్గర్లో ఎక్కడో గుత్తిగా వాలి, కొత్త ఇల్లు వెతుక్కునేదాకా ఆగుతాయి. ఆ గడువు కొన్ని గంటలే. నేను, బాబాయి పరిగెత్తి వెతికాం. చివరికి ధనియాల చేలో దొరికాయి. ఎక్కడో తెలుసా, ఆపి ఉన్న ట్రాక్టరు స్టీరింగు మీద. తడిసిన గోనెపట్టా ఒకటి స్టీరింగుకి చుట్టి వేలాడదీసినట్టుంది ఆ గుత్తి. ట్రాక్టరు మామది. చేనూ మామదే.

మామ అప్పటికే అక్కడున్నాడు. తలగుడ్డ తీసేసి, ఆ గుత్తి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయని నేనంటే ఆయన ఇప్పటికీ నన్ను కొడతానంటాడు. మమ్మల్ని చూసి, చెప్పానా లేదా, తిరిగొచ్చాయి చూడు, సరాసరి నా ట్రాక్టరు మీదికే వచ్చాయి, అన్నాడు. ఇవి పెద్దమ్మ పెట్టెలోంచి ఇందాకే లేచినవని బాబాయి చెబితే నమ్మలేదు. ఈగల మొహాన మీ పార్టీ గుర్తు ఉందా అని అడిగాడు. ఆ మాటతో పార్టీ ఊసెత్తకూడదన్న తీర్మానం తప్పింది. పెద్దమ్మ వచ్చేసరికి రెండు పార్టీలవాళ్ళూ చెరో గట్టు మీద చేరారు.

"తమ్ముడా, అవి నావయ్యా. చీమలు పట్టి లేచినయ్," అంది పెద్దమ్మ.

"నీ పేరేమన్నా రాసుందా అక్కా వాటి మీద?" అన్నాడు మామ. "నా చేలో నా బండి మీద వాలినయ్. పోయినవి వచ్చినయ్."

పొద్దు వాలుతోంది. గుత్తి మీద నుంచి అప్పుడో ఈగ, ఇప్పుడో ఈగ లేచి దిక్కులు చూసి వస్తున్నాయి. కొత్త చోటు కుదిరితే క్షణంలో అన్నీ లేస్తాయి. పెద్దమ్మకు అది తెలుసు. ఆమె ఆ గుత్తిని తప్ప ఇంక దేన్నీ చూడటం లేదు. బాబాయి మాత్రం రెండు గట్ల వైపూ చూస్తున్నాడు. పెద్దమ్మకిస్తే మామ పార్టీ క్లబ్బు వదిలిపోతుంది, మామకిస్తే పెద్దమ్మ పార్టీ. అప్పుడు ఆయనకు ఏ ఊరి పెద్దకూ తట్టని ఆలోచన తట్టింది. పంచాయతీ మెంబరు గొంతుతో ప్రకటించాడు. యజమాని ఎవరో తేలని జీవం పరాయి చేలో పడితే దాని చోటు బందెలదొడ్డి. ఈగలు జీవాలా కాదా? జీవాలే. కాబట్టి బందెలదొడ్డికి తోలాలి.

ఎవరూ నవ్వలేదు. అది రూలు. పక్కవాడి చేలో మేసిన గేదెను పెట్టే ఆ దొడ్డి మా ఊరి చివర, నాపరాళ్ళ గోడలతో ఉండేది. దాని కావలి తాత తన ఉద్యోగంలో ఏనాడూ ఒక్క పశువునీ వదులుకోలేదు. ఈగల్ని తోలుకొస్తున్నామని కబురు పంపితే ఆయన అడిగింది ఒక్కటే, కొమ్ములున్నాయా లేవా అని.

తోలడం నా వంతయింది. వెదురుగంప ఒకటి గుత్తి పైన బోర్లించి పట్టుకున్నాను. కింద బాబాయి కొద్దికొద్దిగా పొగ పెట్టాడు. ఈగలకి చీకటి చోటు ఎక్కడం ఇష్టం. ఒక్కొక్కటే పైకి పాకి గంప లోపల వేలాడటం మొదలెట్టాయి. గంప బరువెక్కుతుంటే నా చేతులకు తెలుస్తోంది. బరువు కంటే ఆ వెచ్చదనం తెలుస్తోంది, జ్వరం వచ్చిన పసిబిడ్డను ఎత్తుకున్నట్టు. ఒక్కటి కూడా కుట్టలేదు. పల్చటి పంచె కప్పి, గంపను గుండెలకి ఆనించుకుని నడిచాను. వెనకాల ఊరంతా. ఒక పక్క ఒక పార్టీ, ఇంకో పక్క రెండో పార్టీ, నడుమ పెద్దమ్మ, పెదనాన్న, మామ. చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. రోడ్డు దాటుతుంటే మాచర్ల బస్సు వచ్చింది. డ్రైవరు హారను కొట్టబోయి, నా చేతుల్లో పంచె కింద మోగుతున్నది విని, ఇంజను ఆపేశాడు. ప్రయాణికులు కిటికీల్లోంచి చేతులెత్తి దణ్ణం పెట్టారు. దేవుణ్ణి మోసుకుపోతున్నామనుకున్నారేమో. నేను కాదనలేదు. ఆ క్షణాన నాకూ అలాగే ఉంది.

దొడ్డిలో అప్పటికి ఒక గేదె ఉంది. దాన్ని మూలకి కట్టారు. బందెలదొడ్డి రివాజు ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఒక పశువుని ఇద్దరు నాదంటే నాదంటే, ఇద్దరూ ఇంటి దగ్గర ఎలా పిలుస్తారో అలాగే పిలవాలి. ఎవరి గొంతుకి కదిలొస్తే పశువు వాళ్ళది. కావలి తాత ఆ రివాజు ఈగలకీ అంతేనన్నాడు. పెద్దమ్మ మొహం పాలిపోయింది. కుక్కను పిలుస్తారు, కోడిని పిలుస్తారు, ఈగను ఎవరన్నా పిలిచారా? బాబాయి కూడా తను పెట్టిన రూలు ఎటు పోయిందో అప్పుడు తెలుసుకున్నాడు. కానీ రూలు రూలే.

రెండు పెట్టెలూ తెప్పించి, నేల మీద తెల్ల పంచె పరిచాం. ఒక కొసన మామ పెట్టె, ధూపం వాసనతో, కడిగిన అద్దంలా. ఇంకో కొసన పెద్దమ్మ పెట్టె, మిగిలిన ఆ ఒక్క పెరతో. పెదనాన్న తన పెట్టె పక్కనే చతికిలబడి రెండు చేతులూ ఆనించి కళ్ళు మూసుకున్నాడు. జరుగుతున్న వాదన ఆయన వినలేదు, అడగలేదు. నేను గంపను పంచె నడుమకి తెచ్చి ఒక్క కుదుపు కుదిపాను. ఈగలన్నీ ముద్దగా పంచె మీద పడి, పరుచుకుని, అటూ ఇటూ కాకుండా తిరగసాగాయి.

ముందు మామ వంతు. గొంతు సవరించుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. నలభై ఎకరాల ఆసామి, రెండు పార్టీల ముందు ఈగలని పిలవాలి. చివరికి ఎద్దులకి అలవాటైన గొంతుతో, "హో... దా... దా..." అన్నాడు. మూలనున్న గేదె లేచి నిలబడింది. ఈగలు కదల్లేదు. ఎవరో కిసుక్కుమన్నారు, కావలి తాత కర్ర నేలకి తాటించాడు.

తర్వాత పెద్దమ్మ. ఆమె పంచె పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. వంగి, ఇంట్లో అలిగి మూల కూర్చున్న పిల్లను బతిమాలినట్టుగా అంది. "రండి తల్లీ. గిన్నెల్లో నీళ్ళు పోసినా. ఇంక ఎప్పుడూ ఎండనీను."

అప్పుడు జరిగింది. నాలుగైదు ఈగలు గుంపులోంచి విడివడి ఆమె పెట్టె గడప దగ్గరికి నడిచాయి. ఎగరలేదు, నడిచాయి. గడప మీద నిలబడి, తలలు లోపలికి, తోకలు పైకి పెట్టి, రెక్కలు విసరడం మొదలెట్టాయి. నిమ్మగడ్డి వాసనలాంటిదేదో మెల్లగా మా ముక్కులకి తగిలింది. అంతే, పంచె మీదున్న ఆ ముద్ద మొత్తం ఒక్కసారి తల తిప్పింది. తూము ఎత్తితే కాలవలో నీళ్ళు ఎలా దారి పడతాయో అలా దారి పడింది. వేలకు వేలు, ఒకదాని భుజం ఒకటి తోసుకోకుండా, బారుగా, గడప వైపు నడిచిపోతున్నాయి. దారిలో కొన్ని ఆగి, అవి కూడా తోకలెత్తి వెనకవాటికి విసురుతున్నాయి. ఆ నడుమ ఒకచోట, మిగతావాటి వీపుల మీదుగా, పొడుగ్గా ఒకటి కనిపించి మాయమైంది. రాణి. ఆమె గడప దాటగానే చప్పుడు మారిపోయింది. అప్పటిదాకా ఉన్న ఆ కంగారు రొద, ఒక్కసారి దిగి, బరువుగా, నిండుగా అయింది.

రెండు పార్టీలవాళ్ళూ ఎవరి పక్కన ఎవరున్నారో మరిచిపోయి ముందుకి వంగారు. పంచె అంచు పట్టుకుని ఉన్న మామ నోరు తెరుచుకుని ఉంది. బాబాయి భుజం మీది తువ్వాలు మళ్ళీ చేతిలోకి వచ్చింది. ఊపిరి వదిలితే ఆ బారు చెదురుతుందేమోనని నేను వదల్లేదు. నా జన్మలో ఎన్నో వింతలు చూశానని చెప్పాను, అందులో చాలా నేను చూడనివి. ఇది చూసింది.

ఆ నిశ్శబ్దంలో పెదనాన్న ఒక్కడే కళ్ళు మూసుకుని, చేతులు పెట్టెకి ఆనించి, దొడ్డి గోడలు మోగేలా అన్నాడు.

"ఇనపడతంది. ఏమే, ఇనపడతంది."

ఆఖరి ఈగ లోపలికి పోయేసరికి దీపాలు పెట్టే వేళయింది. పెద్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని అలాగే కూర్చుంది. మామ లేచి, తన ఖాళీ పెట్టె మూత వేసి, ఆమె దగ్గరికొచ్చాడు. ట్రాక్టరు మీద దింపుతానన్నాడు. కుదుపులకి పెర తెగుతుందని బాబాయి ఒప్పుకోలేదు. చివరికి వాసానికి తాళ్ళతో పెట్టె కట్టి, ఒక కొస మామ, ఇంకో కొస నేను భుజాన వేసుకుని ఇంటిదాకా నడిచాం. దారి పొడుగునా మామ నా నడక బాగాలేదని తిడుతూనే ఉన్నాడు. పెదనాన్న పక్కనే నడుస్తూ చెయ్యి పెట్టె మీద నుంచి తియ్యలేదు.

తర్వాత నేను ఈ సంగతి ఎక్కడ చెప్పినా, పిల్లలున్న పెర వాసనకే అవి అటు పోయాయని, చదువుకున్నవాళ్ళు వివరంగా చెప్పారు. అలాగే ఉండొచ్చు. కాదనే చదువు నాకు లేదు. వాసనకు పోయినా, అలక తీరి పోయినా, ఆ బారు నడిచిన తీరు మాత్రం చిన్నదైపోదు.

ఇక చెప్పులు విడిచి ప్రమాణం చేశాను గనక ఒక ముక్క చెప్పాకే అవి వేసుకుంటాను. ఇందులో ఒకటి నా కల్పన. మీరు బస్సు అనుకుంటారు. బస్సు నిజం. గేదె లేచింది, అదీ నిజం. ఈగల్ని బందెలదొడ్డికి తోలిన మాట మా ఊళ్ళో ముసలివాళ్ళు ఇంకా చెప్పుకుంటారు. హార్మోనియం విన్న ముసలాయన కూడా నిజమే, ఆయన పేరు అడగనందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

కల్పించింది పెద్దమ్మ పిలుపు. ఆమె పిలవలేదు. రండి తల్లీ అనలేదు, నీళ్ళు పోశాననీ అనలేదు. ఊరందరికీ సరిపడా మాటలున్న ఆ మనిషికి ఆ వేళ ఒక్క మాట పెగల్లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, పెదవులు తడుపుకుని, నోరు తెరవబోయేలోగానే ఆ నాలుగైదు ఈగలూ విడివడి నడిచాయి. పిలిస్తే వచ్చాయని రాస్తే నమ్ముతారు. పిలవకముందే వచ్చాయని రాస్తే, నా చేప కథ గుర్తు చేసుకుని నవ్వుతారని ఆ మాటలు ఆమె నోట్లో నేనే పెట్టాను.

పెదనాన్న అరుపు కూడా అయిపోయాక, బాబాయికి మళ్ళీ రూలు గుర్తొచ్చింది. వదిన ఇంకా పిలవలేదు, రివాజు ప్రకారం ఒక్కసారన్నా పిలవాలి కదా అని నసిగాడు. కావలి తాత అప్పటికే దొడ్డి తలుపు గడియ తీస్తున్నాడు.

"పోయినదాన్ని పిలుస్తారుగానీ, వచ్చినదాన్ని పిలిచేదేందయ్యా," అన్నాడు.